మూడు రోజులు సముద్రం, మూడు రోజులు పుట్టిల్లు

జనవరి, ఫిబ్రవరి సెలవుల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బాపట్ల, చీరాల తీరం గురించే. ఫోన్లు పక్కన పెట్టి నాలుగు రోజులు సముద్రం దగ్గర గడపాలని, అదే ప్రయాణంలో ఇంటివాళ్ళనూ చూసి రావాలని చాలామంది అడిగారు. కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పెళ్ళయి మూడేళ్ళు. ఇద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. జనవరి నెలాఖరులో ఆరు రోజులు సెలవు దొరికింది. ఫోన్లు, లాప్‌టాప్‌లు లేకుండా బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో ఉండాలని మా కోరిక. చిక్కల్లా ఏంటంటే, మా పుట్టిల్లు చీరాల. సంక్రాంతికి కూడా వెళ్ళలేకపోయాం. పాతిక కిలోమీటర్ల దూరంలో హోటల్లో దిగామంటే అమ్మ నొచ్చుకుంటుంది. ముందు ఇంటికి వెళ్తే ఇక సముద్రం సంగతి మర్చిపోవాల్సిందే. ఏది ముందు?
(ఒక పాఠకురాలు, నిజాంపేట)

సముద్రమే ముందు. పుట్టింటికి ఒకసారి చేరాక మధ్యలో లేచి రావడం ఎవరి వల్లా కాదు. అమ్మ పప్పు నానబోసి ఉంటుంది, వేటపాలెం పిన్ని భోజనానికి పిలిచి ఉంటుంది, నాన్నగారు అల్లుణ్ణి చూపించాలని స్నేహితులకు చెప్పి ఉంటారు. ఆ ఇంట్లోంచి పెట్టె పట్టుకుని హోటల్‌కి బయల్దేరితే అది అలిగి వెళ్ళినట్టే కనిపిస్తుంది. అదే సముద్రం నుంచి ఇంటికి వస్తే ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. పైగా ఉద్యోగం అలసటతో నేరుగా పుట్టింటికి వెళ్ళేవాళ్ళు మొదటి రెండు రోజులు నిద్రలోనే గడిపేస్తారు. మూడు రోజులు విశ్రాంతి దొరికాక వెళ్తే అమ్మతో కూర్చుని మాట్లాడే ఓపిక ఉంటుంది.

బండి దారి కూడా మీకు అనుకూలంగానే ఉంది. తెనాలి మీదుగా వచ్చే రైళ్ళకు బాపట్ల ముందు, చీరాల తర్వాత. వెళ్ళేటప్పుడు టికెట్టు బాపట్ల వరకు, వచ్చేటప్పుడు చీరాల నుంచి తీసుకోండి. పచ్చడి జాడీలు, అరిసెల డబ్బాలు ఒక్కసారే మోస్తే సరిపోతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతి తర్వాతి వారం తిరుగు ప్రయాణాల రద్దీ ఉంటుంది కనుక రెండు టికెట్లూ ఒకే రోజు చేసేయండి.

అయితే ఇదంతా ఒక షరతు మీద. అమ్మకు ముందే, పూర్తిగా, తేదీలతో చెప్పాలి. చెప్పకుండా సూర్యలంకలో దిగి, బాపట్ల సంతలో ఏ బంధువో చూసి చీరాలకు కబురు చేరవేస్తే ఆ నొప్పి అరిసెలతో పోయేది కాదు. చెప్పే మాట ఇలా ఉండాలి: "అమ్మా, సోమవారం నుంచి బుధవారం దాకా సూర్యలంకలో ఉంటాం. గురువారం పొద్దున టిఫినుకి ఇంట్లో ఉంటాం. శనివారం రాత్రి బండి ఎక్కేదాకా నీ దగ్గరే." "వీలైతే మధ్యలో ఒకసారి వస్తాం" అని మాత్రం అనకండి. ఈ "వీలైతే" అనే మాట దగ్గరే గొడవ మొదలవుతుంది. మీకు అది ఊరికే అన్న మాట. అమ్మకు అది సోమవారం నుంచే పొయ్యి వెలిగించమన్న కబురు. వండినవి మిగిలిపోతే బాధ, మీరు ఫోన్ ఎత్తకపోతే భయం.

ఎవరి ఇంటికి వాళ్ళే చెప్పుకోవాలి. మీ అమ్మగారికి మీరు, మీ అత్తగారికి మీ ఆయన. అల్లుడు చెబితే అల్లుడే ఆపాడనుకుంటారు, కోడలు చెబితే కోడలే ఆపిందనుకుంటారు.

అమ్మానాన్నలకు ఒక సాయంత్రం మీరే ఇచ్చేయండి. బుధవారం నాలుగింటికి సూర్యలంక రమ్మనండి. క్యారియరు తెస్తామంటే వద్దనకండి. ఇసుక మీద కూర్చుని నలుగురూ తిని, ఏడింటికి వాళ్ళు ఆటోలో తిరిగి వెళ్తారు. మీరు దాక్కోలేదని వాళ్ళకు తెలుస్తుంది. బస ఎలా ఉందో కళ్ళతో చూసుకుంటారు, దానితో సగం బెంగ తీరుతుంది. పర్యాటక సంస్థవారి హరిత రిసార్టు ఒడ్డునే ఉంది. సోమవారం నుంచి గురువారం లోపు అయితే గదులు తేలిగ్గా దొరుకుతాయి. తీరంలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. తాగడానికి 20 లీటర్ల క్యాను బాపట్లలోనే తీసుకుని వెళ్ళండి. సాయంత్రం దోమలు ఉంటాయి, ఒంటికి రాసుకునే మందు మర్చిపోవద్దు.

ఇక చీరాలలో ఉండే రోజుల సంగతి. ఫోన్ లేకుండా సముద్రం దగ్గర ఉండడం సులువు, అత్తారింట్లో ఉండడం కష్టం. మీకు అమ్మ ఉంది, వంటిల్లు ఉంది. మీ ఆయనను హాల్లో కుర్చీ వేసి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, అరగంటకోసారి కాఫీ ఇస్తారు. మర్యాద అంతా చేసి మనిషిని ఖాళీగా ఉంచుతారు. చేతికి పని లేకపోతే చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. అందుకని ఆయనకు పని కల్పించండి. తెల్లవారుజామున మామగారితో వాడరేవు వెళ్ళి, పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు చేపలు తేవడం ఒకటి. వేటపాలెం సారస్వత నికేతనం ఇంకొకటి. 1918లో మొదలైన గ్రంథాలయం అది, ఇప్పటి భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంపుటాలు ఉన్నాయి. పుస్తకం ఇష్టమైన మనిషికి అక్కడ ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. చీరాల చుట్టుపక్కల మగ్గాలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. మామగారికి తెలిసినవాళ్ళు ఉంటే కుప్పడం చీర అంచు ఎలా కలుపుతారో గంటసేపు కూర్చుని చూడవచ్చు. ఇంట్లో టీవీ ఆపమని, వాళ్ళ ఫోన్లు పక్కన పెట్టమని మాత్రం అడగకండి. ఆ నియమం మీ ఇద్దరిదే.

ప్రశ్న: నాన్నగారికి 72 ఏళ్ళు, గుండెకు స్టెంటు వేశారు. కరీంనగర్‌లో అమ్మతో ఉంటారు. మేం నాలుగు రోజులు ఫోన్లు కట్టేసి వెళ్తే, ఆ టైములో ఏదైనా జరిగితే? అలాగని ఫోన్ దగ్గర పెట్టుకుంటే మళ్ళీ అదే పని.
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

మీ పరిస్థితిలో ఫోన్ పూర్తిగా కట్టేయకూడదు. ఒక్క దారి తెరిచి ఉంచి, మిగతావన్నీ మూసేయండి. దీనికి రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది, ఉన్న ఫోన్‌నే నిశ్శబ్దంగా ఉంచడం. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టి, అమ్మ, పక్కింటివాళ్ళు, డాక్టరు, ఈ మూడు నంబర్లకే మినహాయింపు ఇవ్వండి. అందులోనే మళ్ళీ మళ్ళీ వచ్చే కాల్స్‌ను అనుమతించే మీట ఉంటుంది. అది వేసి ఉంచితే అదే నంబరు నుంచి రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ రెండో కాల్ 15 నిమిషాల లోపు రావాలి, ఐఫోన్‌లో 3 నిమిషాల లోపు. అమ్మకు చెప్పాల్సింది ఒక్కటే: "మోగకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యి." ఇక్కడ దెబ్బతినేది వాట్సాప్ దగ్గర. చాలామంది పెద్దవాళ్ళు అలవాటుగా వాట్సాప్‌లోనే కాల్ చేస్తారు, ఈ మినహాయింపు దానికి పనిచేయకపోవచ్చు. మామూలు కాల్ చేయమని చెప్పి, ఒకసారి చేయించి చూడండి.

రెండోది మీటల ఫోన్, అంటే పాతరకం కీప్యాడ్ ఫోన్. మా సలహా ఇదే, ఎందుకంటే చేతిలో చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ కొనే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. జియో సిమ్ పాత 2జీ ఫోన్లలో పనిచేయదు, 4జీ మీటల ఫోన్ ఉండాలి. పాత ఫోన్ల అర పెద్దది, మీ చిన్న సిమ్‌కు అడాప్టరు చట్రం కావాలి. మీది ఈ-సిమ్ అయితే తీసి వేయడమంటూ ఉండదు. నాలుగోది అసలైనది: బ్యాంకు ఖాతాతో జతచేసిన సిమ్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే, తిరిగి వేశాక యూపీఐ యాప్ మళ్ళీ ధ్రువీకరణ అడగవచ్చు. అందుకని అసలు సిమ్‌ను కదపకుండా, ఇంట్లో ఉన్న రెండో సిమ్‌ను మీటల ఫోన్‌లో వేసి ఆ నంబరు ముగ్గురికే ఇవ్వండి. అసలు ఫోన్ కట్టేసి పెట్టె అడుగున పెట్టండి. ఛార్జరును వేరే సంచిలో పెట్టండి. రెండూ ఒకచోట ఉంటే మొదటి రాత్రే కలుస్తాయి. రిసార్టు రిసెప్షన్ నంబరు, గది నంబరు కూడా అమ్మ దగ్గర కాగితం మీద ఉండాలి. బయల్దేరే ముందు రోజు ఒకసారి, అక్కడ దిగిన గంటలో ఒకసారి కాల్ చేసి సిగ్నలు చూసుకోండి.

అసలు భరోసా మాత్రం కరీంనగర్‌లో ఉండాలి. మీరు కాల్ ఎత్తినా అక్కడి నుంచి ఇంటికి చేరడానికి ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. ఆసుపత్రి ఫైలు, బీమా కార్డు, మందుల చీటీ ఒకే సంచిలో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించండి. పక్కింటివాళ్ళకు ఇంకో తాళం ఇవ్వండి. ఛాతీలో నొప్పి వస్తే ముందు 108, తర్వాతే మీకు కాల్. ఈ వరుస అమ్మకు రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే కంగారులో ముందు కొడుకుకే చేస్తారు.

ఫోన్ లేకపోతే ఆగిపోయే చిన్న చిన్న పనులు ఇంకా ఉన్నాయి. గూగుల్‌పే, ఫోన్‌పే ఉండవు కనుక నగదు తీసుకోండి. అన్నీ ఐదొందల నోట్లయితే కొబ్బరిబోండాం దగ్గర చిల్లర దొరకదు, సగం వంద, యాభై, ఇరవై నోట్లుగా మార్చుకోండి. రైలు టికెట్టు ప్రింటు తీసి, ఒరిజినల్ గుర్తింపు కార్డు పెట్టుకోండి. ఆర్‌ఏసీ, వెయిటింగ్ ఉంటే పది అంకెల పీఎన్ఆర్ కాగితం మీద రాసుకోండి, ఏ ఫోన్ నుంచైనా 139కి చేసి తెలుసుకోవచ్చు. కారులో వెళ్తే ఫాస్టాగ్‌లో రానూపోనూ సరిపడా డబ్బు ముందే వేయండి. ఆ రోజుల్లో ఈఎంఐ పడేది ఉంటే ఖాతాలో నిల్వ చూసుకోండి. చేతి గడియారం, ఒక అలారం గడియారం తప్పనిసరి. "టైము ఎంతయిందో చూద్దాం" అని తీసిన ఫోన్ అరగంట దాకా కింద పెట్టరు.

మొదటి రోజు చిరాకు పుడుతుంది. జేబులో ఏదో మోగినట్టు ఉంటుంది, చెయ్యి దానంతటదే తడుముకుంటుంది. ఇద్దరికీ ఒకేసారి వస్తుంది కాబట్టి చిన్నదానికే మాటామాటా పెరగవచ్చు. అది ఎక్కువమందికి రెండో రోజు మధ్యాహ్నానికల్లా తగ్గుతుంది. ఆ మొదటి సాయంత్రానికి పేకముక్కలో, అష్టాచెమ్మా గవ్వలో దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: పిల్లలు 8, 11 ఏళ్ళవాళ్ళు. మేం నడుం లోతు దాటి వెళ్ళం. అయినా సూర్యలంకలో ప్రమాదాలని పేపర్లో చదువుతుంటాం. నడుం లోతులో ఏం ప్రమాదం?
(ఒక తల్లి, ఖమ్మం)

నడుం లోతు పెద్దవాళ్ళ కొలత. ఎనిమిదేళ్ళ బిడ్డకు అది మెడ లోతు. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను తోడుకుంటూ పోతుంది, నిలబడ్డ చోటే గుంట పడుతుంది. తర్వాతి అల వచ్చేసరికి మనిషి అరడుగు దిగి ఉంటాడు. ఒడ్డు చదునుగా ఉంటే భయం లేదనుకోవడమే ప్రమాదం.

మనుషుల్ని లాక్కుపోయేది ఎక్కువగా లోపలికి పారే ప్రవాహం. వరసగా అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళు ఎటో ఒకవైపు తిరిగి వెళ్ళాలి. ఇసుక దిబ్బల మధ్య పల్లం దొరికినచోట అవన్నీ చేరి వాగులా సముద్రంలోకి పారతాయి. ఒడ్డు నుంచి చూస్తే ఆ చోట అలలు విరగవు, నురగ ఉండదు, నీళ్ళు కాస్త ముదురు రంగులో నున్నగా కనిపిస్తాయి. "ఇక్కడ అలలు తక్కువగా ఉన్నాయి, పిల్లల్ని ఇక్కడ దింపుదాం" అని సరిగ్గా అక్కడికే తీసుకెళ్తారు. అందుకే నీళ్ళలో దిగేముందు కాస్త ఎత్తులో నిలబడి పది నిమిషాలు చూడాలి. అలలు రెండు పక్కలా విరుగుతూ మధ్యలో విరగని దారి కనిపిస్తే ఆ దారికి దూరంగా ఉండండి. వాగులు, మొగలు సముద్రంలో కలిసేచోట అసలు దిగవద్దు. అక్కడి జాలరులను ఒక మాట అడగండి, ఆ వారం గుంటలు ఎక్కడ పడ్డాయో వాళ్ళకు తెలుసు. పోయిన ఏడాది బాగున్న చోటు ఈ ఏడాది బాగుండాలని లేదు.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. గజ ఈతగాడు కూడా దాన్ని ఎదిరించి గెలవలేడు, అలసిపోయి మునుగుతాడు. తీరానికి అడ్డంగా, కుడికో ఎడమకో ఈదితే ఆ దారి వెడల్పు దాటి బయటపడతారు, అక్కడ అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి ఎత్తి ఊపాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటపడి దూకకూడదు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయే ప్రమాదం ఇక్కడే ఉంది. మూత బిగించిన ఖాళీ క్యానుకు తాడు కట్టి ఒడ్డున ఉంచుకోండి, దాన్ని విసరండి. 20 లీటర్ల క్యాను పెద్దమనిషినైనా నీటిమీద నిలుపుతుంది. వెంటనే 112కి ఫోన్ చేయండి. తీర రక్షణ దళం నంబరు 1554. మీటల ఫోన్ ఆ కాసేపు ఒడ్డున ఉన్నవాళ్ళ చేతిలో ఉండాలి.

పిల్లలు మోకాలి లోతులో, మీ చేతికి అందే దూరంలో ఉండాలి. ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దలు. చీర, చున్నీ కట్టుకుని దిగవద్దు, తడిసి కాళ్ళకు చుట్టుకుంటాయి. అమావాస్య, పౌర్ణమికి పోటు పెద్దగా ఉంటుంది. పోటు రోజురోజుకూ ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా వస్తుంది, కాబట్టి నిన్న ఈ వేళకు నీళ్ళు ఎక్కడున్నాయో అదే లెక్క ఈరోజు పనికిరాదు. కార్తీక పౌర్ణమికీ, ఆదివారాలకూ జనం కిక్కిరిసిపోతారు, ఆ గుంపులో పిల్లలు కనబడరు. జెల్లీచేప తగిలి మంట పుడితే ఇసుకతో రుద్దవద్దు, మంచినీళ్ళు పోయవద్దు. సముద్రపు నీళ్ళతోనే కడిగి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, షుగరు. అయినా సముద్రం చూడాలని ఆశ. తీసుకెళ్ళవచ్చా?
(ఒక కోడలు, గుంటూరు)

తప్పకుండా తీసుకెళ్ళండి. కష్టమంతా రోడ్డు నుంచి తడి ఇసుక దాకా ఉన్న పొడి ఇసుకలోనే. అక్కడ అడుగు దిగబడి మోకాలు మెలిపడుతుంది. ఆ ముక్కను ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దాటించండి. పాటు వేళ నీళ్ళు తీసిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద హాయిగా నడుస్తారు. చేతికర్ర కొస దిగబడకుండా అడుగున వెడల్పాటి రబ్బరు బుడిపె వేయించండి. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే వెనక కాళ్ళు ముందు దిగబడి మనిషి వెల్లకిలా పడతారు. కుర్చీ కింద రెండడుగుల ప్లైవుడ్ చెక్క వేయండి. షుగరు ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, వేడి ఇసుకా గవ్వ పెంకూ తెలియవు. వెనక పట్టీ ఉన్న చెప్పులు తీయనివ్వకండి, ఇంటికి వచ్చాక పాదాలు కడిగి వేళ్ళ మధ్య చూడండి. సాయంత్రం నాలుగు తర్వాత మంచి వేళ. మరుగుదొడ్డి ఎంత దూరమో ముందు చూసుకుని ఆ దగ్గర్లోనే కూర్చోబెట్టండి.

ప్రశ్న: వాడరేవులో చేపలు కొని హన్మకొండ దాకా కారులో తేవచ్చా? దారిలో పాడవుతాయా?
(ఒక పాఠకుడు, హన్మకొండ)

ఐసు సరిగ్గా వేస్తే పాడవవు. చేప ఎంత బరువో ఐసు అంత బరువు. రెండు కిలోల వంజరానికి రెండు కిలోల ఐసు, ఎండాకాలమైతే ఇంకో కిలో. పొట్ట శుభ్రం చేయించి, ముక్కలు కొట్టించకుండా తీసుకోండి. ముక్కలైతే కరిగిన నీళ్ళు కండలోకి దిగి మెత్తబడతాయి. థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐసు, పైన కవర్లో చుట్టిన చేప, మళ్ళీ ఐసు. అడుగున చిన్న చిల్లు పెట్టి, కింద ట్రే పెడితే కరిగిన నీళ్ళు నిలవవు.

కొనేటప్పుడు మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే పక్కన పెట్టండి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. వంజరం, చందువ, మాగ ప్రయాణానికి ఓర్చుకుంటాయి. కానాగంతలు, కవ్వళ్ళు నూనె చేపలు, త్వరగా వాసన తిరుగుతాయి, వాటిని ఆ ఊళ్ళోనే వండించుకుని తినండి. ఎండునెత్తళ్ళు కొంటే విరిచి చూడండి, పుటుక్కున విరగాలి. వంగితే తడి ఉందన్నమాట, డాబా మీద ఒకరోజు ఎండ పెట్టకపోతే బూజు పడుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద చేప "ఈరోజుదే" అని చెబితే మొప్పలు రెండుసార్లు చూడండి.

ప్రశ్న: కారు ఇసుకలోకి దించవచ్చా?
(ఒక పాఠకుడు, నల్గొండ)

వద్దు. దిగబడితే ఆక్సిలరేటర్ తొక్కకండి, తొక్కినకొద్దీ చక్రం బావి తవ్వుకుంటుంది. చక్రాల ముందు ఇసుక చేత్తో తోడి, టైర్లలో గాలి 18, 20 పీఎస్ఐకి తగ్గించి, రబ్బరు మ్యాట్లు చక్రాల కింద దూర్చి, రెండో గేరులో మెల్లగా కదపండి. బయటపడ్డాక గాలి కొట్టించేదాకా నెమ్మదిగా నడపాలి. అదే రోజు అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు ముందు బ్రేకుల దగ్గర, సైలెన్సర్ దగ్గర తినేస్తుంది.

ప్రశ్న: నవంబరులో వెళ్తే?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపానుల కాలం. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. వెళ్ళదలిస్తే రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి. ఫోన్ కట్టేసినా, రోజూ సాయంత్రం ఒకసారి రిసెప్షన్‌లో వాతావరణం కబురు అడగండి. సంక్రాంతి దాటాక మార్చి మొదటివారం దాకా వాతావరణం ప్రశాంతంగా ఉంటుంది.

ప్రశ్న: ఫిబ్రవరి రాత్రి ఒడ్డున పెద్ద తాబేలు కనిపించింది. టార్చి వేసి చూడబోతే జాలరి వారించాడు. ఎందుకు?
(ఒక దంపతులు, ఒంగోలు)

అది ఆలివ్ రిడ్లీ, గుడ్లు పెట్టడానికి వచ్చింది. మన తీరంలో జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి. వెలుగు పడితే గుడ్లు పెట్టకుండానే తిరిగి నీళ్ళలోకి పోతుంది. ఒక్కో గూట్లో నూరు గుడ్ల దాకా ఉంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు రాత్రిపూట బయటికి వచ్చి, సముద్రం మీది లేత వెలుగును చూసి అటు పాకుతాయి. ఒడ్డున టార్చి, ఫోన్ లైటు ఉంటే రోడ్డు వైపు తిరిగి, తెల్లారేసరికి ఎండలో చచ్చిపోతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూలు ప్రాణి, ముట్టుకోవడం, గుడ్లు తీయడం నేరం. మళ్ళీ కనబడితే లైటు ఆర్పి, పాతిక అడుగుల దూరంలో, దాని వెనక వైపు ఇసుకలో కూర్చోండి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు చాలు. అప్పుడు వెనక కాళ్ళు రెండూ మార్చి మార్చి గిన్నెలా మడిచి ఇసుక తోడడం, అది పక్కకు పోసే చప్పుడు, స్పష్టంగా కనబడతాయి, వినబడతాయి.